రెండు బండ్లూ మనవే

మా ఇంట్లో బస్సును ఎవరూ బస్సు అనలేదు, బండి అనేవాళ్ళు. నాయన ఉన్నన్నాళ్ళూ మా వాకిట్లో ఎద్దులబండి ఉండేది. నాయన పోయాక అది నిలబడిన చోటనే బస్సు వచ్చి నిలబడింది. ఎద్దులను ఎట్లా చూసుకున్నామో దాన్నీ అట్లాగే చూసుకున్నాం. ఎద్దుకు పర్మిట్టు ఉండదు, నంబరు ఉండదు, ఒక ఎద్దు పోయి ఇంకొకటి వస్తే ఎందుకొచ్చిందని అడిగేవాడు ఉండడు. ఆ తెలివితోనే మేం మోటారు వ్యాపారంలోకి దిగాం. నా కోపం ఎవరి మీద ఎంత ఉన్నా, ఈ తప్పు మాత్రం ఇంటిల్లిపాదిదీ.

అన్న నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. హిందూపురంలో హైస్కూలు దాకా చదివి, పెనుకొండలో ఒక వకీలు దగ్గర కొన్నాళ్ళు గుమాస్తాగా ఉన్నాడు. ఇంగ్లీషు కాగితం చేతికిస్తే గడగడా చదివి తెలుగులో చెప్పేవాడు. నాకు నాలుగో తరగతితోనే బడి మీద విరక్తి పుట్టింది. బెంగుళూరు పోయి ఒక లారీ షెడ్డులో మూడేళ్ళు నూనె గుడ్డలు పిండి, కన్నడంలో తిట్లు తిని, డ్రైవరునై తిరిగొచ్చాను. నాయన పోయిన రెండో ఏడు పెనుకొండ కింద మాకున్న మెట్టచేను అమ్మేసి ఒక చాసిస్ కొన్నాం. హిందూపురం వడ్రంగులు దాని మీద కొయ్యతో బాడీ కట్టారు. పక్కలకు అద్దాలు లేవు, గోనెపట్టా తెరలే. వాన వస్తే తెరలు దించేవాళ్ళం, దుమ్ముకు మాత్రం ఏ తెరా అడ్డం కాదు.

బండి అన్న పేరు మీద, లైసెన్సు నా పేరు మీద. ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడి పేరు మీద పెట్టక ఇంకెవరి పేరు మీద పెడతారు? అందులో నాకు తప్పేమీ కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది. ఆ ఇంట్లో ఇది నాదని చెప్పుకోవడానికి నాకున్నది ఆ లైసెన్సు పుస్తకం ఒక్కటే. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. చెమటకు తడిసి అట్ట మెత్తబడుతూంటే నా భార్య పాత పట్టుగుడ్డతో దానికొక సంచి కుట్టి ఇచ్చింది. పెళ్ళినాటికి నాకు చేను లేదు, చదువు లేదు. డ్రైవరని చెప్పబట్టే పిల్లనిచ్చారు. దారి పొడుగునా పెద్దా చిన్నా అందరూ "డ్రైవరప్పా" అని పిలిచేవాళ్ళు. ఆ పుస్తకం పోతే నేనెవరో నాకే తెలియదు.

మా లైను హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం. పొద్దున్నే బెల్లం మండీ ముందు నుంచి బయలుదేరేవాళ్ళం. పెనుకొండలో కోర్టు పక్షులన్నీ దిగిపోయేవి, ధర్మవరం పోయే నేతవాళ్ళు ఎక్కేవాళ్ళు. ధర్మవరంలో మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ వెనక్కి. ఎర్రమంచి దగ్గర ఎక్కేవాళ్ళు గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని "దీనిక్కూడా టికెట్టేనా అప్పా? ఇదేమన్నా సీట్లో కూచుంటాదా?" అని పోట్లాట వేసుకునేవాళ్ళు. ధర్మవరం నుంచి ఒక నేతాయన వారానికొకసారి చీరల మూట ఎత్తుకుని హిందూపురం వచ్చి, అమ్ముకుని, మరుసటి రోజు మా బండిలోనే తిరిగిపోయేవాడు. నా పక్క సీటు ఆయనది. నోరు మూసుకుని పట్టుమని పది నిమిషాలు కూర్చోలేడు గానీ, మనసులో మాత్రం ఇంత కల్మషం లేని మనిషి.

యుద్ధం మొదలయ్యేనాటికి బండి అలిసిపోయింది. ఏ కాస్త ఎత్తు తగిలినా మొరాయించేది. జనం దిగి తోసేవాళ్ళు. "దుడ్లిచ్చి బండి తోసేదానికి వస్తిమా?" అని తిట్టేవాళ్ళు. ఆ తిట్లన్నీ నాకే, అన్నకు కాదు. ఓనరు ముఖం ఎవరికి కనబడుతుంది? చివరికి అన్న బెంగుళూరులో ఎవరో వాడిన బస్సునొకదాన్ని బేరం చేసి తెచ్చాడు. దాని ఇంజను చప్పుడు వింటేనే నాకు కడుపు నిండింది. సీట్లకు దూది పరుపులు కూడా ఉన్నాయి. ఆ రోజు నేను ఇంట్లోకి పోకుండా పొద్దుగూకేదాకా దాని చుట్టూనే తిరిగాను. నా భార్య వచ్చి "బండితోనే కాపురం చేస్తావా?" అని ఎగతాళి చేస్తే గానీ కదల్లేదు.

అయితే కొత్తబండికి మా లైనులో తిరిగే హక్కు లేదు. పర్మిట్టు పాతబండి నంబరు మీద ఇచ్చింది. బండి మార్చుకుంటామని ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలి, వాళ్ళు కొత్తబండిని చూడాలి, సరేనని కాగితం ఇవ్వాలి, ఆ తర్వాతే తిప్పాలి. అర్జీ అన్న పెట్టాడు. ఇంతలో పాతబండి సోమందేపల్లి దగ్గర ఇరుసు విరిగి కూలబడింది. ఎడ్లు కట్టి ఈడ్చుకొచ్చి షెడ్డులో పడేశాం. కొన్నాళ్ళు బండి తిరగకపోతే లైను ఇంకొకరికి ఇచ్చేస్తారని, కదిరి ఆసామి ఒకడు అప్పుడే ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడని అన్న చెప్పాడు. ఆ కదిరి ఆసామి నిజంగా ఉన్నాడో లేడో ఈనాటికీ నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం అన్నం తింటూంటే అన్న మెల్లగా ఆ మాట కదిపాడు.

"శుక్రారం మంచిది. నంబరు రేకులు ఇప్పి కొత్తబండికి బిగించు."

"అర్జీకి జవాబొచ్చిందా అన్నా?"

"వస్తాది లే. ఆపీసు పని మన చేతిలో ఉండాదా?"

"అది రాకముందే మారిస్తే ఏమన్నా అంటారేమో."

"ఎవురంటార్రా? ఇంకొకని నంబరు దొంగిలించుకోనొచ్చి పెడ్తాండామా? రెండు బండ్లూ మనవే గదా. మన ఎద్దు మెడలో గంట ఇప్పి మన ఇంకో ఎద్దుకు కట్టేదానికి సర్కారునడగల్లనా?"

ఇంత తేటగా చెప్పాక నేనేమనగలను? మా వైపు ముసలి ఎద్దును పని నుంచి తప్పించేటప్పుడు దాని మెడలోని గంట విప్పి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టి కొత్త ఎద్దు మెడలో కడతారు. పాత ఎద్దు పడిన కష్టం, దానికున్న మంచిపేరు కొత్తదానికి వస్తాయని నమ్మకం. నాయన చేస్తూంటే రెండుసార్లు చూశాను. మాకు మజ్జిగ పోస్తూన్న అమ్మ అప్పుడే అందుకుంది.

"ఊరికే మార్చొద్దు నాయనా. గంట మార్చినట్ల పూజ చేసి మార్చండి. టెంకాయ కొట్టి నలుగురికీ బొరుగులు పంచండి."

"పూజ యాలమ్మా, రెండు నట్లు ఇప్పేదానికి?" అని అన్న విసుక్కున్నాడు.

"పూజ చెయ్యకుండా ముట్టేది లేదు," అంది అమ్మ. ఆమె మాట అంత ఖండితంగా ఎప్పుడోగాని రాదు. అన్న చెయ్యి కడుక్కుని లేచాడు. పూజ ఖర్చుకు వెనకాడాడనుకున్నాను.

శుక్రవారం పొద్దున చూస్తే అన్న ఊళ్ళో లేడు. ధర్మవరంలో పనుందని, పూజ కానివ్వమని చెప్పి రైలెక్కి పోయాడట. "బావ లేకుండా పూజేంది? ఓనరు ఆయన కదా?" అంది నా భార్య. "నీకు అన్నిటికీ అనుమానమే. ఆయనకు పనులుండవా?" అని కసిరాను. అప్పట్లో నా తల్లి గర్భాన పుట్టిన అన్న మీద ఎవరు ఒక్క మాటన్నా నాకు ఒళ్ళు మండేది.

రేకుల నట్లు తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి విప్పాను. నల్ల రేకు మీద తెల్ల అంకెలు, అంచుల్లో రంగు పెచ్చులు లేచింది. తడిగుడ్డతో తుడిచి పీట మీద పెడితే నా భార్య పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కనకాంబరాల దండ చుట్టింది. మండీ ముందు బజారంతా చేరింది. నేతాయన ఆ పొద్దు మూటతో అక్కడే ఉన్నాడు. ఆయన చెయ్యి మంచిదని హిందూపురంలో పేరు, ఆయన చేత్తో విప్పిన మూట మళ్ళీ కట్టేది ఉండదనేవాళ్ళు. అందుకని టెంకాయ ఆయనకిచ్చాం. ఒక్క దెబ్బకు రెండు చిప్పలు.

"ఇంక ఈ బండికి తిరుగులేదప్పా!" అని కేకపెట్టాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను రేకులు బిగించాను. బొరుగులు, బెల్లం పంచాం. నేరం చేసేవాడు ఎక్కడైనా నలుగురిని పిలిచి, హారతి పట్టి, పలారం పంచి మరీ చేస్తాడా? మేం చేశాం. నాకైతే ఆ పొద్దు పెళ్ళికొడుకంత సంబరం. నుదుట బొట్టు పెట్టుకుని కొత్తబండి స్టీరింగు ముందు కూర్చుంటే ఊరంతా నన్నే చూస్తున్నట్టుంది. సాయంత్రం వచ్చి చూస్తే షెడ్డులో పాతబండి ముందూ వెనకా బోసిగా ఉంది. చూడలేక తలుపు మూసేశాను.

ఆరేడు నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి. జనం కూడా కొత్తబండికి అలవాటుపడ్డారు. దూది సీట్లలో కూర్చోవడానికి పెనుకొండలో వకీళ్ళు సైతం మా బండి కోసం కాచుకునేవాళ్ళు. అర్జీ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. రెండు మూడుసార్లు అన్నను అడిగితే "వస్తాది లే" అన్నాడు, అంతటితో సరి.

ఒకరోజు పెనుకొండలో బస్సు ఆపేసరికి బ్రేకినస్పెక్టరు నిలబడి ఉన్నాడు. కొత్తగా వచ్చినాయన. కాగితాలు అడిగి చూశాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, లోపలికి తొంగి చూసి సీట్లు లెక్కపెట్టాడు.

"కాగితంలో పద్దెనిమిది సీట్లని ఉంది. ఇక్కడ ఇరవైనాలుగున్నాయి. బాడీ పెంచారా?"

చాలా మామూలుగా అడిగాడు. ఔను సార్, పెంచాం అని ఉంటే ఏదో జుల్మానా రాసి పోయేవాడేమో. కానీ అబద్ధం నాకు అంత చురుగ్గా నోటికి రాదు. నీళ్ళు నమిలాను. నా అవస్థ చూసి, నన్ను గట్టెక్కిద్దామని పక్క సీట్లోంచి నేతాయన దిగాడు.

"అట్ల కాదు సామీ. ఈ నంబరు పాతబండిది. అది ఇరిగిపోతే దీనికి మార్చినారు. ఊరికే మార్చలేదు సామీ, పూజ చేసి మార్చినారు. టెంకాయ నేనే కొడ్తి."

"అవును సామీ, బొరుగులు పంచినారు. శానామందికి పంచినారు," అంది వెనక నుంచి ఒకామె. ఇంకొకాయన తనకు బెల్లం రాలేదని కూడా చెప్పుకున్నాడు.

ఇనస్పెక్టరు నవ్వాడు. పాపం, ఆపుకోలేక నవ్వాడు. జనం కూడా ఆయనతోపాటు నవ్వారు. ఆ తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశాడు.

"రెండు బండ్లూ మావే సార్," అన్నాను.

"మీవే కావచ్చు. ఒక నంబరంటే ఒక బండి. రెండూ నీవే అయినా ఆఫీసు అనుమతి లేకుండా దీని రేకు దానికి పెడితే నేరమే. ఎవరు విప్పారు?"

"నేనే సార్."

"ఎవరు విప్పమన్నారు?"

అన్న విప్పమన్నాడని చెప్పడానికి నోరు రాలేదు. అర్జీ పెట్టాం, జవాబు రాలేదు అన్నాను. జవాబు వచ్చాక మాట్లాడదామని లైసెన్సు ఇమ్మన్నాడు. పట్టుసంచితో సహా ఇచ్చాను. పుస్తకం తీసుకుని సంచి తిరిగి నా చేతిలో పెట్టాడు. బండిని అక్కడే నిలిపేశాడు. జనం గొణుక్కుంటూ దిగి నడక మొదలుపెట్టారు. నేతాయనకు ఏం జరిగిందో అంతుపట్టలేదు. "నేనేమన్నా తప్పు చెప్తినా అప్పా? మంచిమాటే గదా చెప్తి?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చినంత పనిచేశాడు. ఆయన మీద నాకు ఆ రోజూ కోపం రాలేదు, ఈ రోజూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఆ మొత్తం వ్యవహారంలో ఆయనొక్కడే.

మరుసటి రోజు అన్న నన్ను షెడ్డులోకి పిలిచాడు.

"ఓనరు మార్పించినాడంటే పర్మిట్టు పోతాది. డ్రైవరు తెలీక మార్చినాడంటే జుల్మానాతో సరిపోతాది. అన్నకు చెప్పకుండా, తెలీక మార్చినానని చెప్పు. చదువు రానోనివి, నిన్నేమంటారు? నాలుగు దినాల్లో లైసెన్సు చేతికిస్తారు."

"తప్పని నాకు నిజంగానే తెలీదు గదన్నా."

"అదే చెప్పమంటాండా."

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే నా భార్య అగ్గిమీద గుగ్గిలమైంది. "పూజనాడు బావ ఊర్లో లేకుండా యాల పోయినాడో అడిగినావా? ఇప్పుడు నీ నోటితోనే చెప్పకుండా చేసినానని చెప్పమంటాండాడు. నీ బుర్రకు ఎక్కతాండాదా లేదా?" అంది. నోరు మూసుకోమన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపిస్తుంది.

పెనుకొండ కోర్టుకు అమ్మ కూడా వచ్చి వరండాలో గోడకానుకుని కూర్చుంది. నన్ను పిలిచారు. తెలియక చేశాను, అన్నకు చెప్పలేదు, క్షమించమన్నాను. మేజిస్ట్రేటు తల ఊపాడు, నాకు కాస్త ఊపిరి వచ్చింది. ఆ తర్వాత బండి యజమానిని పిలిచి ఒట్టు పెట్టించి అడిగాడు. అన్న ఆ రోజు కోటు వేసుకొచ్చాడు. పూజనాడు తాను ధర్మవరంలో ఉన్నానని చెప్పాడు. అంతటితో ఆపి ఉండవచ్చు. ఆపకుండా కోటు జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అనుమతి వచ్చేదాకా పాతబండి నంబరు కొత్తబండికి పెట్టకూడదని రాశారు. మా తమ్మునికి చదివి చెప్పినాను. వాడు వినలేదు."

గుమాస్తా ఆ కాగితం తీసుకుని తారీఖు పైకి చదివాడు. పూజకు పది రోజుల ముందుది. అంటే, నేను అన్నం ముందు కూర్చుని జవాబొచ్చిందా అని అడిగేసరికి ఆ కాగితం ఆయన పెట్టెలో ఉంది. వస్తాది లే అన్నాడు!

ఒళ్ళు మండాల్సింది. మండలేదు. తెలియక చేసినవాడికి, వద్దని చదివి చెప్పినా లెక్కచెయ్యకుండా చేసినవాడికి ఒకటే శిక్ష ఉండదని నా బుర్రకు కూడా అర్థమైంది. మేజిస్ట్రేటు నా వైపు తిరిగి "నీకు చదివి చెప్పాడా?" అని అడిగాడు. అన్న నన్ను చూడలేదు, తన చెప్పులు చూసుకుంటున్నాడు. నేను లేదంటే ఆయన ఒట్టు పెట్టి అబద్ధమాడినట్టవుతుంది, జైలుకు పోతాడు. తలుపు సందులోంచి వరండాలో అమ్మ తెల్లచీర కొంగు కనబడుతూంది. పెద్దకొడుకు చేతులకు బేడీలు పడితే ఆమె అక్కడే పడి చచ్చిపోతుందనిపించింది. ఔనని అనలేదు, కాదని అనలేదు. నోరు తెరవలేదు. ఇంకోసారి అడిగాడు. అప్పుడూ తెరవలేదు. ఒప్పుకున్నట్టే రాసుకున్నారు.

జుల్మానా వేసి, లైసెన్సు రద్దు చేసి, నాకు మళ్ళీ ఇవ్వకూడదని కూడా రాశారు. జుల్మానా అన్న అక్కడికక్కడే కట్టేశాడు. "మాట వినని తమ్మునికి కూడా కడ్తాండాడు సూడప్పా, ఇట్లాంటి అన్న దొరకల్లంటే పెట్టి పుట్టల్ల," అని వరండాలో ఎవరో అన్నారు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

కోర్టు మెట్లు దిగాక ఆయన చొక్కా పట్టుకున్నాను. జన్మలో మొదటిసారి.

"కాగితం వచ్చినట్ల నాకు యాల చెప్పలేదు?"

"చెప్తే మార్చేటోనివా నువ్వు?" అన్నాడు. దబాయింపు లేదు, సిగ్గు లేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు. "చేతులొణికి ఆణ్నే నిలబడిపోతాంటివి. లైను ఆ పొద్దే పోయిండేది. చొక్కా ఇడువు, జనం చూస్తాండారు."

జనం చూస్తున్నారని విడిచిపెట్టాను. ఆ బుద్ధి నాకెందుకు పుట్టిందో!

ఆ తర్వాత అన్న అంతా క్రమంగా చేసుకున్నాడు. కొత్తబండిని తీసుకుపోయి చూపించాడు, అనుమతి తెచ్చుకున్నాడు. అదే నంబరు, అదే లైను, ఈసారి ముద్ర వేసిన కాగితంతో. రెండు నెలల ఓపిక ఉంటే సరిపోయే పని. బెంగుళూరు నుంచి ఒక డ్రైవరును పిలిపించుకున్నాడు. నాకు బెల్లం మండీ ముందు నిలబడి "పెనుకొండా, ధర్మవరం!" అని అరిచి జనాన్ని ఎక్కించే పని ఇచ్చాడు. ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టలేడు కదా! పెట్రోలు కరువొచ్చి, బొగ్గు గ్యాసుతో నడపడానికి బండి వెనక బొగ్గుల పీపా కట్టాక, పొద్దున్నే ఆ బొగ్గు రాజేసి గాలి తిప్పడం కూడా నా పనే అయింది. నా బండిని ఇంకొకడు గేర్లు గరగరలాడిస్తూ తీసుకుపోతుంటే మసి చేతులతో నిలబడి చూసేవాణ్ణి. కొన్నాళ్ళు జనం పాత అలవాటుకొద్దీ "డ్రైవరప్పా" అన్నారు. తర్వాత "ఏమబ్బా" అన్నారు. ఆ తర్వాత పిలవడమే మానేశారు, సామాను చేతికిచ్చి పైకెయ్యమనేవాళ్ళు. నేతాయన ఒక్కడు మాత్రం నన్ను చూస్తే తల వంచుకుని వెనక సీట్లోకి పోయేవాడు.

అట్లా నాలుగేళ్ళు. నా భార్య పోరు పడలేక కాదు, నాకే ఆ ఇంట్లో అన్నం గొంతు దిగకుండా పోయి భాగాలు అడిగాను. యుద్ధం ఇంక ముగుస్తుందని అనుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం ముగ్గురు పెద్దమనుషులు మా మిద్దెలో చాప మీద కూర్చున్నారు. ఇల్లు సగం సగం అన్నారు. తర్వాత బండ్ల దగ్గరికి వచ్చారు.

"బండ్లు రెండు, అన్నదమ్ములు ఇద్దరు. కొత్తది పెద్దోనికి, పాతది చిన్నోనికి. తేడా ఏముండాది?"

"నంబరు లేని బండి, లైసెన్సు లేని డ్రైవరు. జోడీ బాగా కుదిరిచ్చినారు," అంది నా భార్య వంటింటి గడపలోంచి, అందరికీ వినబడేటట్టే. ఒక పెద్దమనిషి ఆడవాళ్ళు మాట్లాడకూడదన్నాడు.

"నాకు ఏ బండీ వద్దు," అన్నాను. "ఆ కాగితం నాకు చదివి చెప్పలేదని ఈ నలుగురి ముందర ఆయన్ను ఒక్క మాట చెప్పమనండి. నాకు అది చాలు."

అన్న చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. చెబుతాడనే అనుకున్నాను. కోర్టు అయిపోయింది, లైను నిలిచింది, చెబితే ఇప్పుడు పోయేదేముంది? చివరికి తలెత్తి, "కొత్తబండి వాన్నే తీసుకోమనండి. నంబరు, పర్మిట్టు, అన్నీ వాని పేరుకే మార్పిస్తా. పాతది నాకు చాలు," అన్నాడు.

పెద్దమనుషులు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇంకేం కావల్లప్పా నీకు? యా అన్న ఇస్తాడు ఇట్ల?" అని నా మీద పడ్డారు. బండిని వదులుకుంటాడు గానీ ఆ ఒక్క మాట వదలడు! అరికాలి మంట నెత్తికెక్కింది. "బండొద్దు, ఆ మాట కావల్ల," అని అరిచాను.

అమ్మ స్తంభం దగ్గర కూర్చుని చెనక్కాయలు వలుస్తూంది. అప్పటిదాకా తల ఎత్తలేదు.

"వాడు చెప్పడు లేరా. నేను చెప్తా," అంది. "కాగితం ముందే వచ్చిండె. నీకు చెప్పలేదు వాడు. నాకు చెప్పినాడు. నంబరు మార్చకూడదని రాసినారని చదివి చెప్పినాడు. తప్పు చేస్తాండాం, దోషం తగలకుండా ఉండల్లనే నేను పూజ చెయ్యమంటి."

పెద్దమనుషులు గొంతు సవరించుకున్నారు. అన్న లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. నేనడిగిన మాట నాకు దొరికింది, నలుగురి ముందరే దొరికింది. నేను స్తంభం దగ్గరికి పోయి అమ్మ ముందు నిలబడ్డాను.

"కోర్టుకాడ కూచోనింటివి గదమ్మా. ఆ పొద్దు యాల చెప్పలేదు?"

"ఇద్దరిలో ఒకరన్నా నిలబడల్ల గదరా. వాడు నిలబడితే నిన్ను సాకుతాడనుకుంటి."

"నేను నిలబడింటే?"

అమ్మ చేతిలోని కాయలు చాటలో వేసింది. పొట్టు ఊదుకుంది.

"నువ్వు నిలబడితే వాన్ని సాకుతావని నాకు నమ్మకం లేకపాయ," అంది.

ఆ పొద్దు కోర్టులో రెండుసార్లు అడిగినా నేను నోరు తెరవనిది ఎవరి కోసమో ఆమెకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఏ బండి ఇచ్చినా సరేనని పెద్దమనుషులతో అని, నా భార్యను బట్టలు మూట కట్టమన్నాను.